ఒంటరిగా రెండు దినములు: ఫ్లారెన్సు నగర దర్శనము

మన గృహములలో స్త్రీ గడప దాటి దూరదేశమునకు పోవలెనన్న దానికొక కారణము కావలయును. కూతురి పురుడు, మఱది పెండ్లి, పుష్కర స్నానము, తిరుమల మ్రొక్కు - ఇట్టివి కారణములు. "చూడవలెనని బుద్ధి పుట్టినది, చూచి వచ్చితిని" అని చెప్పుట కారణముగా నెంచబడదు. పురుషుడట్లు చెప్పిన లోకజ్ఞానము గలవాడందురు; స్త్రీ చెప్పిన ఇల్లు పట్టని దందురు.

ఐరోపా ఖండమున నీ విషయమున వేఱొక వాడుక కలదు. శుక్రవారము పని ముగియగానే ఒక చిన్న సంచి చేతబట్టి, స్త్రీ యొంటరిగా రైలెక్కి వేఱొక పట్టణమునకు పోవును. శని, ఆదివారములందు అచ్చటి చిత్రశాలలు చూచి, ఆ యూరి వంటకములు రుచి చూచి, మరల ఇల్లు చేరి తన పనిలో నుండును. ఇందు తీర్థయాత్రయు లేదు, బంధుదర్శనమును లేదు. కన్నులకును నాలుకకును మాత్రమే విందు. ఇది విలాసమా, విద్యయా యని చదువరులగు సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. విద్యయే యని నా యభిప్రాయము. అట్లనుటకు నేను స్వయముగా చూచిన యొక నగరమును సాక్ష్యముగా నిలుపుచున్నాను.

మా చెల్లెలు జర్మనీ దేశములోని మ్యూనిక్ నగరమున ఉద్యోగము చేయుచున్నది. దాని పురుటికి సాయముగా పోయి కొన్ని వారము లచ్చట నుంటిని. బిడ్డకు నిద్రాహారములు కుదుటబడిన పిదప అది "అక్కయ్యా! వచ్చినది మొదలు వంటిల్లు, ఊయెల తప్ప నీవేమి చూచితివి? ఎక్కడికైన నొక్కతెవే వెళ్ళి రా" యని పట్టుబట్టినది. నేను ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరము నెన్నుకొంటిని. శుక్రవారము ప్రొద్దున మ్యూనిక్‌లో రైలెక్కి, బ్రెన్నెర్ కనుమ మీదుగా ఆల్ప్స్ పర్వతములు దాటి, బొలోన్యా పట్టణమున బండి మారి, సాయంకాలమునకు ఫ్లారెన్సు చేరితిని. బొలోన్యా నుండి వడిగల రైలున సుమారు 40 నిమిషముల ప్రయాణము మాత్రమే.

ఆ దేశస్థులు ఈ నగరమును ఫిరెంజె యందురు. ఆర్నో యను నది దీని నడుమ ప్రవహించుచున్నది. ఒంటరిగా పోవు స్త్రీకి ఇంతకన్న ననుకూలమైన నగరము అరుదు. ఏలయన, చూడదగినవన్నియు నడకకు అందుబాటులోనే యున్నవి. రైలుస్టేషను మొదలు ప్రధాన దేవాలయము వఱకు పది పదునైదు నిమిషముల నడక. ఆ దేవాలయము మీది ఎఱ్ఱని గుమ్మటమును బ్రునెల్లెస్కీ యను శిల్పి 1420 మొదలు 1436 వఱకు కట్టించెను. నేలనుండి కఱ్ఱల పరంజా నిలుపకయే అంతటి గుమ్మటమును పైకి లేపిన నేర్పు నేటికిని వాస్తుశాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము గొల్పుచున్నది. దాని శిఖరమునకు 463 మెట్లు కలవు. ఏ సందున దారి తప్పినను తలయెత్తి చూచిన నా గుమ్మటము కనబడును. దానిని చూచుకొని మరల దారి పట్టవచ్చును.

ఈ నగరమును మూడు శతాబ్దుల కాలము మెడిచీ వంశస్థులు ప్రాబల్యముతో నేలిరి. వారు మొదట వడ్డీవ్యాపారులు, పిదప ప్రభువులు. వారి ధనము చిత్రములుగాను, శిల్పములుగాను, పుస్తకములుగాను మారినది. ఈ మాట అందఱు నెఱుగుదురు. ఆ నిధి నేటికిని అచ్చటనే యుండుటకు ఒక స్త్రీ కారణమని మాత్రము పెక్కుమంది యెఱుగరు.

ఆమె పేరు అన్నా మరియా లూయీసా. ఆ వంశమునకు కడపటి యాడుబిడ్డ. 1667 సంవత్సరమున జన్మించి, జర్మనీ దేశపు ప్రభువొకనిని వివాహమాడి, భర్త మరణించిన పిదప 1717లో పుట్టినింటికి మరలి వచ్చెను. సంతానము లేదు. ఆమె సోదరుడు 1737లో నిస్సంతుగా మరణింపగా రాజ్యము లొరేన్ వంశము వారి పరమయ్యెను. కొత్త ప్రభువులు వచ్చినచో పాత సొత్తు బండ్ల కెక్కి పరదేశముల పాలగుట లోకమున సాధారణమే గదా! రాజ్యమును నిలుపు శక్తి యామెకు లేదు. కాని తన వంశము వారి చిత్రములు, శిల్పములు, గ్రంథములు, రత్నములు అన్నియు నగరమునకే చెందునట్లును, అందొక్కటియు ఎల్ల దాటి పోకుండునట్లును ఆ సంవత్సరముననే యొక యొడంబడిక వ్రాయించుకొనెను. రాజ్యమునకు అలంకారముగాను, ప్రజల యుపయోగము కొఱకును, పరదేశీయుల నాకర్షించుటకును అవి నగరముననే నిలువవలెనని అందు నిబంధన. ఆమె 1743లో మరణించెను. 1769లో ఉఫీజీ యను చిత్రశాల ప్రజలందఱికిని తెఱవబడినది. నేడు లోకము నలుమూలల నుండి జనులా వాకిట బారులు తీర్చి నిలుచుచున్నారన్న, అది యొక సంతానహీనయగు వితంతువు దూరదృష్టికి ఫలము.

ఉఫీజీ యనగా ఆ భాషలో కచ్చేరీలు అని యర్థము. 1560లో వసారీ యను చిత్రకారుడు ప్రభుత్వపు కచ్చేరీల కొఱకే యీ మందిరమును కట్టనారంభించెను. సోమవారము దీనికి సెలవు. టిక్కెట్టు ముందుగా కొనియుంచుకొనిన గంటల తరబడి నిలువబడు శ్రమ తప్పును.

ఇచ్చట ఒంటరితనము యొక్క మేలు నాకు తెలిసివచ్చినది. నలుగురితో పోయినపుడు మన కన్నులు చిత్రము మీద నుండవు. పిల్లవానికి దాహమైనదేమో, అత్తగారికి కాళ్ళు నొచ్చుచున్నవేమో, వారికి విసుగు పుట్టినదేమో యని మన చూపు వెనుకకే పోవుచుండును. ఒంటరిగా పోయినపుడు ఒక పటము నెదుట అరగంట నిలిచినను అడుగువారు లేరు. నచ్చని గదిని దాటిపోయినను నొచ్చుకొనువారు లేరు.

బొత్తిచెల్లీ చిత్రించిన వీనస్ దేవి జననమును నేనట్లే చూచితిని. సముద్రము మీద తేలుచున్న ఆల్చిప్పపై దేవి నిలిచియున్నది. ఒక ప్రక్క వాయుదేవతలు ఆమెను ఒడ్డునకు ఊదుచున్నారు. మఱియొక ప్రక్క ఒక వనిత పూలవస్త్రమును చేతబట్టి, కప్పుటకై ముందుకు సాగుచున్నది. దేవి దిగంబరయే యైనను ఆమె ముఖమున నున్న దిగులు చూపరుల చిత్తమును మఱొక వైపునకు పోనీయదు. పాలకడలి నుండి వెడలిన లక్ష్మిని భాగవతమున చదువుకొనిన మనకు ఈ చిత్రము పరాయిది కాదు. నీటినుండి సౌందర్యము పుట్టునను భావము ఇరుదేశముల వారికిని తోచినది గదా యని సంతోషము కలిగినది.

అదే చిత్రశాలలో ఆర్తెమీసియా జెంతిలెస్కీ యను స్త్రీ సుమారు 1620లో వ్రాసిన చిత్రము కలదు. శత్రుసేనాపతిని యూదిత్ యను వీరవనిత ఖడ్గముతో వధించుట అందలి విషయము. దానిని చూచుటకు గుండె దిటవు కావలయును. ఈమె రోము నగరమున 1593లో జన్మించినది. యౌవనమున నొక దుర్మార్గునిచే చెఱుపబడి, 1612 నాటి విచారణలో న్యాయస్థానమువారు వ్రేళ్ళకు త్రాళ్ళు బిగించి ప్రశ్నింపగా, ఆ బాధలోనే తన మాట నిజమని నిలిచి చెప్పిన ధీర. పిదప ఫ్లారెన్సునకు వచ్చి, 1616లో ఆ నగరపు చిత్రకళాపరిషత్తున సభ్యురాలయ్యెను. ఆ గౌరవము నందిన మొదటి స్త్రీ యామెయే. ఈ చరిత్ర యెఱిగి చూచిన, యూదిత్ ముఖమున నున్నది క్రోధము మాత్రమే కాదని తెలియును. పని పూర్తి చేయవలెనను నిశ్చయము.

అయితే ఎంత గొప్ప చిత్రములైనను ఒక దినమున మితముగానే చూడవలెను. స్తాందాల్ అను ఫ్రెంచి రచయిత 1817లో ఇచ్చటి సాంతా క్రోచె దేవాలయము చూచి వెలుపలికి వచ్చునప్పటికి గుండె దడదడలాడి పడిపోవునంతటి వాడయ్యెనట. తరువాతి కాలమున ఈ నగరపు మానసిక వైద్యురాలొకరు యాత్రికులలో కనబడు నిట్టి యవస్థకు ఆయన పేరే పెట్టిరి. విందులోని వంటకములన్నియు నొక్క పూటనే తినజూచిన అజీర్ణము కాక మానునా? ప్రొద్దున నొక చిత్రశాల, సాయంకాలమొక దేవాలయము, నడుమ భోజనము, విశ్రాంతి - ఇదియే సుఖమైన మార్గము.

ఆదివారము నాడు నేను చూచినది సాంతా మరియా నొవెల్లా దేవాలయమును, దానిని చేరియున్న చిత్రశాలయును. అది రైలుస్టేషను కెదురుగానే యున్నది. అచ్చట సుమారు 7 మీటరుల పొడవు, 2 మీటరుల యెత్తు గల యొక చిత్రపటము కలదు. ఏసుక్రీస్తు తన శిష్యులు పన్నిద్దఱితో కూడి భుజించిన కడపటి విందు అందలి విషయము. ఈ విషయమును ఇటలీ చిత్రకారులు పెక్కండ్రు చిత్రించిరి. కాని స్త్రీ హస్తమున వెడలినదిగా తెలిసిన వానిలో ఇదియే మొదటిది.

దీనిని వ్రాసినది ప్లవుతిల్లా నెల్లీ యను సన్యాసిని. ఈమె 1524లో జన్మించి, పదునాలుగవ యేట మఠమున ప్రవేశించి, 1588లో మరణించెను. మఠాధిపతిగా కూడ నుండెను. గురువు లేడు, పూర్వపు చిత్రకారుల రేఖాచిత్రములను చూచి తనంతట తాను నేర్చుకొనెను. పురుష శరీరమును ఎదుట నిలిపి అభ్యసించుటకు ఆ కాలపు స్త్రీలకు వీలులేదు. అట్టి యామె నిలువెత్తు పురుషులను పదుమువ్వురను ఒక్క పటమున చిత్రించినది! మఠములోని భోజనశాలయందు తోడి సన్యాసినులు చూచుచు భుజించుట కొఱకీ చిత్రము వ్రాయబడినది.

సోదరీమణులారా! ఆ బల్లను చూడవలెను. ఇతరుల చిత్రములలో రొట్టె, ద్రాక్షరసము మాత్రమే యుండుట తఱచు. ఈమె బల్లమీద కాల్చిన గొఱ్ఱెపిల్ల యున్నది, ఆకుకూర యున్నది, చిక్కుడుగింజ లున్నవి, ఉప్పుగిన్నె లున్నవి, చీనా దేశపు తీరున నీలిరంగు పనిగల పింగాణీ గిన్నె లున్నవి. బల్లపై పఱచిన తెల్లని గుడ్డకు మడతల గీతలు సహితము తప్పిపోలేదు. బీరువా నుండి తీసి అప్పుడే పఱచినట్లున్నది. వడ్డన చేసిన చేయి గాని ఆ గీతల నట్లు చూడలేదు. పటము మీద తన పేరు వ్రాసి, చిత్రకారిణి కొఱకు ప్రార్థింపుడని వేడుకొనినది.

ఆ వేడుకోలు చాల కాలము ఎవరి చెవినిబడలేదు. నెపోలియను నాడు మఠములు మూతబడగా పటము చోట్లు మారి, తుదకు చుట్టచుట్టబడి సామానుల గదిలో కూడ పడియుండెను. అమెరికా దేశస్థురాలగు జేన్ ఫార్చ్యూన్ అను నామె మఱుగుపడిన చిత్రకారిణుల పటముల నుద్ధరించుటకు ఫ్లారెన్సులో నొక సంఘమును స్థాపించినది. ఆ సంఘము పూనికతో స్త్రీలే నాలుగు సంవత్సరములు శ్రమించి మురికి తుడిచి, చిరుగులు బాగుచేసి, 2019 అక్టోబరులో దీనిని ప్రజలకు చూపిరి. నగరపు సంపదను నిలిపినది యొక స్త్రీ. సామానుల గదినుండి పటమును వెలికి తీసినవారును స్త్రీలే. వాటిని పోయి చూచుటకు మాత్రము మనకు తీరిక లేదందుమా?

ఇక భోజనము మాట. ఈ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరు. పూర్వము శత్రువులగు పీసా నగరము వారు ఉప్పు రానీయలేదని కొందఱు, ఉప్పుపన్ను మోయలేక మానిరని కొందఱు కథలు చెప్పుదురు. మొదటి ముద్ద చప్పగా తోచును. కాని మన అన్నములో మాత్రము ఉప్పున్నదా? ప్రక్కన నుండు కూరయే రుచి నిచ్చును. అచ్చటి వారును ఆ రొట్టెను ఉప్పని జున్నుతోను, ఆలివు నూనెతోను, వెల్లుల్లితోను తిందురు.

నిలువయున్న రొట్టెను వారు పాఱవేయరు. చిక్కుడుగింజలు, నల్లని ఆకుల క్యాబేజీ, క్యారెట్టు వేసి కాచిన పులుసులో ఆ రొట్టెముక్కలు కలిపి, మఱునాడు మరల కాచి తిందురు. దీని పేరు రిబొల్లీతా. మరల కాచినదని యర్థము. టొమాటోలతో రొట్టెను మెత్తగా ఉడికించిన వంటకము పప్పా అల్ పొమొదోరో. వేసవిలో తడిపిన రొట్టెను పిండి, టొమాటో, ఉల్లి, తులసి వంటి సువాసన గల ఆకు కలిపి పంజనెల్లా చేయుదురు. మన చల్దియన్నమునకు పులుసు తోడైనట్లు, ఇవియన్నియు ఇల్లు పొదుపుగా నడపిన యిల్లాండ్రు కనిపెట్టిన రుచులు. నేడు పెద్ద భోజనశాలలలో గూడ వీనినే గౌరవముగా వడ్డించుచున్నారు.

శాకాహారులు "సెంజా కార్నె" అని చెప్పవలెను. మాంసము లేకుండ అని దానికర్థము. పులుసు మాంసరసముతో కాచినదేమో విచారింపవలెను. పార్మిజానో వంటి జున్నులను దూడ కడుపులోని ద్రవ్యముతో తోడుపెట్టుదురు గాన, నియమము గలవారు దానిని మానుట మేలు. మాంసాహారులకు ఆవు నాలుగవ కడుపుతో చేసిన లాంప్రెదొత్తో బండ్లమీద దొరకును. అది యా యూరి పనివారి తిండి. కూరలు, పండ్లు చూడగోరువారు 1874లో తెఱచిన ఇనుము, గాజుల కప్పు గల సాన్ లొరెన్జో అంగడికి ప్రొద్దుననే పోవలెను. అందలి కూరగాయలు పేర్చిన తీరు మన రైతుబజారులోని ముగ్గువంటి పేర్పును జ్ఞప్తికి తెచ్చును. కాఫీని నిలువబడి త్రాగిన తక్కువ వెల, కూర్చుండి త్రాగిన హెచ్చు వెల. భోజనశాలలలో ఆసనమునకు గాను కొంచెము రుసుము వేఱుగా కట్టుదురు. దానిని మోసమని తలపరాదు.

ఒంటరిగా భోజనశాలకు పోయి కూర్చుండుట మన స్త్రీలకు చిత్రశాలకన్న కష్టము. అందఱు మనలనే చూచుచున్నారని తోచును. నిజమునకు ఎవరును చూడరు. మన యిండ్లలో గృహిణి అందఱికిని వడ్డించి కడపట కూర్చుండును. చల్లారిన యన్నము, గిన్నె యడుగున మిగిలిన పులుసు ఆమె పాలు. అచ్చట పొగలు గ్రక్కు రిబొల్లీతాను ఒక పెద్దామె తెచ్చి నా యెదుట పెట్టినపుడు, లేచి వడ్డింపవలసినవారు గాని, ఏమి తక్కువైనదో కనిపెట్టవలసినవారు గాని లేక, తినుచున్న ముద్ద మీదనే మనసు నిలిపి తిని ఎన్ని యేండ్లైనదో లెక్కించితిని, లెక్క తేలలేదు. వంట ఇరువది యేండ్లుగా చేయుచున్న దానను. రుచి చూచుట యను విద్య నాకు ఆ బల్ల యొద్ద మరల నేర్పబడినది.

పోదలచినవారికి కొన్ని మాటలు. ఈ నగరమున కొన్ని సన్యాసినీ మఠములవారు అతిథులకు గదు లిత్తురు. శుభ్రముగా నుండును, ఒంటరి స్త్రీకి నిర్భయము. రాత్రి నియమిత సమయమునకు తలుపు మూయుదురు గాన ఆలోపల చేరవలెను. నేనట్టి చోటనే బసచేసితిని. బసలో రాత్రికింత యని నగరపు పన్ను వేఱుగా నుండును. వీథులు రాతిపలకలవి; మెత్తని జోళ్ళు కావలయును. దేవాలయములలో భుజములు, మోకాళ్ళు కనబడరాదు; చీర కట్టిన మనకు ఆ చింత లేదు. జనసమ్మర్దమున జేబుదొంగలు కలరు. డబ్బు, పాస్‌పోర్టు ఒడిలో భద్రపఱచుకొనవలెను. ఆపద సమయమున 112 అను సంఖ్యకు టెలిఫోను చేసిన సాయము వచ్చును. చేరినపుడు, బయలుదేరినపుడు ఇంటివారికి కబురు చేయుట మన వంతు.

ఐరోపాకు పోవుట అందఱికిని సాధ్యము కాదు. బడిపంతులు భార్యనైన నాకును తఱచు సాధ్యము కాదు. కాని చూచుటకు ఓడలు, విమానములే యెక్కనక్కఱలేదు. హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో బెన్జోనీ యను ఇటలీ శిల్పి చెక్కిన రెబెక్కా విగ్రహము కలదు. చలువరాతిలోనే చెక్కిన మేలిముసుగు, దాని చాటున ముఖము - రెండును కనబడును. పిల్లలతో పోయి పరుగున దాటిపోయిన వారెందఱో యున్నారు. ఒక దినము ఒంటరిగా పోయి, దాని యెదుట మనసార నిలిచి, వచ్చునపుడు మంచి చోట వేడిగా భుజించి రండు. ఇంటివారు ఆ పూట తమ యన్నము తాము వడ్డించుకొందురు. తిరిగి వచ్చిన పిదప ఏమి చూచితివని వారడిగిన, చెప్పుటకు మనకొక కథ యుండును.